మటోమో టీఎంపీ ఫోల్డర్‌ను కోడ్ బయటికి మార్చడం ఎలా?

నల్లగొండ దగ్గర బత్తాయి తోట ఉన్న మా బావ, కోత తేదీలూ ధరలూ పెట్టుకోవడానికి చిన్న వెబ్‌సైట్ చేయించుకున్నాడు. ఏ ఊరి వాళ్లు చూస్తున్నారో తెలియాలంటే సొంత సర్వర్‌లోనే మటోమో వేశాం, 2018 దాకా పివిక్ అన్నది దీన్నే. వేసిన రోజే టీఎంపీ ఫోల్డర్‌లో రాయలేకపోతున్నానని ఎర్రర్. ఎవర్ని అడిగినా చెప్పే మందు ఒకటే, 777 పర్మిషన్, అంటే ఆ సర్వర్‌లో ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు. అది మాత్రం చేయకండి. కోతకొచ్చిన వాళ్లకు షెడ్డు తాళం ఇస్తాం గానీ ఇంట్లో బీరువా తాళం కూడా ఇస్తామా?

ముందు, రాయాల్సిన చోటు ఏదో తేల్చుకోండి. రోజువారీగా మటోమో రాసేది టీఎంపీలోనే, క్యాష్, టెంప్లేట్లు, లాగ్‌లు అన్నీ అక్కడే పడతాయి. కన్ఫిగ్ ఫైల్‌ను ఇన్‌స్టాల్ అప్పుడు, ప్లగిన్ ఆన్ చేసినప్పుడు, కొన్ని సెట్టింగ్‌లు మార్చినప్పుడు ముట్టుకుంటుంది. మిస్క్ ఫోల్డర్ లోగోకి, చూసేవాళ్లది ఏ ఊరో చెప్పే జియోఐపీ ఫైల్‌కి. మిగతా కోడ్ చదవగలిగితే చాలు.

ఇప్పుడు వెబ్‌సైట్ ఫోల్డర్ బయట, /వార్/లిబ్/మటోమో లాంటి చోట కొత్త ఫోల్డర్ చేసి, వెబ్ యూజర్‌ను (వెబ్ సర్వర్, పీహెచ్‌పీ నడిచే ఖాతా) దానికి ఓనర్ చేయండి, పర్మిషన్ 750 (ఓనర్ రాయొచ్చు, గ్రూప్ చదవొచ్చు, మిగతావాళ్లకు ఏమీ లేదు). ఉబుంటులో వెబ్ యూజర్ పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. దారిలో ఉన్న పై ఫోల్డర్లకు కూడా ఆ యూజర్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండాలి, లేకపోతే చివరి ఫోల్డర్ సరిగ్గానే ఉన్నా లోపలికి పోలేడు. సర్వర్ సొంత /టీఎంపీని వాడదామనిపిస్తుంది, వద్దు. చాలా చోట్ల రీబూట్ అయితే అది ఖాళీ అవుతుంది, పైగా పీహెచ్‌పీకి ప్రైవేట్‌టీఎంపీ (దానికి విడిగా సొంత /టీఎంపీ ఇచ్చే సెట్టింగ్) ఆన్ ఉంటే దానికి కనిపించే /టీఎంపీ వేరు, టైమ్ ప్రకారం కమాండ్లు నడిపే క్రాన్‌కి కనిపించేది వేరు.

తర్వాత పాత టీఎంపీని తీసేసి, అదే పేరుతో కొత్త చోటికి సిమ్‌లింక్ (ఇంకో చోటికి దారి చూపే లింక్) పెట్టండి. క్యాష్ మళ్లీ తనే తయారవుతుంది, కాపీ చేయనక్కర్లేదు. పీహెచ్‌పీలో ఓపెన్‌బేస్‌డిర్ (ఏ ఫోల్డర్లు ముట్టుకోవచ్చో కట్టడి చేసే సెట్టింగ్) పెట్టి ఉంటే అసలు ఫోల్డర్ దారిని కూడా అందులో చేర్చాలి, ఎందుకంటే అది లింక్‌ను కాదు, లింక్ చూపించే చోటును చూస్తుంది. ఎస్‌ఈలినక్స్ (పర్మిషన్ల మీద ఇంకో కాపలా) ఉన్న సర్వర్ అయితే ఓనర్, పర్మిషన్ రెండూ సరిగ్గా ఉన్నా రాయనివ్వదు. సెమేనేజ్‌తో ఆ ఫోల్డర్‌కు వెబ్ సర్వర్ రాసుకునే లేబుల్ ఇచ్చి, రీస్టోర్‌కాన్ నడపండి.

ఇంకోటి, ఫోల్డర్ బయటికి పోయింది కదా అని నిశ్చింతగా ఉండకండి. లింక్ ఇంకా వెబ్‌సైట్ లోపలే ఉంది, వెబ్ సర్వర్ ఎన్జినెక్స్ అయితే దాని వెంబడే పోయి ఫైల్ తీసి ఇచ్చేస్తుంది, బయటివాళ్లను ఆపడానికి మటోమో పెట్టే హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌ను అసలు చదవదు. టీఎంపీ, కన్ఫిగ్ రెండిటికీ ఎన్జినెక్స్‌లోనే అడ్డు పెట్టాలి.

నేను దెబ్బ తిన్నది మాత్రం క్రాన్ దగ్గర. రిపోర్టులు తయారు చేసే కోర్:ఆర్కైవ్ కమాండ్‌ను గంటకోసారి నడిచేలా పెట్టాను గానీ, తొందరలో రూట్ (సర్వర్ మొత్తం మీద అధికారం ఉన్న ఖాతా) క్రాన్‌లో రాశాను. రాత్రంతా బాగానే నడిచింది. పొద్దున్నే బావ ఫోన్: "ఏందిరా, పేజీ తెరుసుకుంటలేదు." పర్మిషన్లు పదిసార్లు చూశాను, ఫోల్డర్ ఓనర్ వెబ్ యూజరే, 750 అలాగే ఉంది, ఒకటే టెన్షన్. చివరికి లోపలికి పోయి ఫైళ్ల జాబితా తీస్తే సగం క్యాష్ ఫైళ్లకు ఓనర్ రూట్! వాటి మీద వెబ్ యూజర్ ఎలా రాస్తాడు? క్రాన్‌ను వెబ్ యూజర్ పేరు మీదికి మార్చి, క్యాష్ ఖాళీ చేశాక మళ్లీ ఆ గొడవ రాలేదు. చేత్తో ఏదైనా మటోమో కమాండ్ నడిపినా సుడోతో ఆ యూజర్‌గానే నడపండి.

అన్నీ నడుస్తున్నాయనుకున్నాక తాళం వేయండి. కోడ్ మొత్తానికి రూట్ ఓనర్. కన్ఫిగ్ ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి దానికి ఓనర్ రూట్, గ్రూప్ వెబ్ యూజర్‌ది, పర్మిషన్ 640. వెబ్ యూజర్‌గా టచ్ కమాండ్ వేసి చూడండి, టీఎంపీలో ఫైల్ పుట్టాలి, కోడ్ ఫోల్డర్‌లో పుట్టకూడదు. అడ్మిన్‌లో సిస్టమ్ చెక్ పేజీ కూడా ఒకసారి తెరవండి.

ఇక బ్రౌజర్‌లోంచి ప్లగిన్ వేయడం, ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేయడం కుదరవు. అప్‌డేట్ జిప్ చేత్తో వేసుకోవాలి, వేసిన ప్రతిసారీ టీఎంపీ ఇంకా లింక్‌గానే ఉందా, మామూలు ఫోల్డర్ అయిపోయిందా చూసుకోండి.