కారులో నార (3వ పాఠం): ఏ పొర ఎక్కడ వేయాలి?

పోయిన పాఠంలో గోనెగుడ్డను ఎపాక్సీ రెజిన్‌తో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) తడిపి ఒకే పొరతో చిన్న పలక చేశాం. గట్టిపడ్డాక రెండు చేతులతో వంచి చూడమన్నాను. సులువుగానే వంగి ఉంటుంది. ఈసారి దాన్ని వంగకుండా చేయడం నేర్చుకుందాం. కొత్తగా కొనాల్సింది కార్బన్ పోగులతో నేసిన చారెడు బట్ట మాత్రమే. అసలు పని లెక్కలో ఉంది.

ముందు ఒక కారు సంగతి. 2013లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3 ఎలక్ట్రిక్ కారు. అందులో మనుషులు కూర్చునే గూడంతా కార్బన్ ఫైబర్ ప్లాస్టిక్. దాని కింద బ్యాటరీని, మోటారును మోసే చట్రం అల్యూమినియం. తలుపు లోపలివైపు పలకలో మాత్రం కెనాఫ్ నార వాడారు. కెనాఫ్ అంటే మన గోగు. లేత ఆకు కోస్తే గోంగూర పచ్చడి అవుతుంది. అదే మొక్కను నిలువెత్తు ఎదగనిచ్చి, కట్టలు కట్టి చెరువులో నానేసి, కాడ నుంచి ఒలిస్తే గోగునార. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లకు ఆ నానేసిన కట్టల వాసన చెప్పక్కర్లేదు. ఆ నార అంత ఖరీదైన కారు తలుపులోకి వెళ్లిందని తెలిసిన రోజు నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

మరి ఒకే కారులో ఒకచోట కార్బన్, ఇంకోచోట గోగు ఎందుకు? ఖరీదు ఒక్కటే కారణం కాదు. ఏ భాగం మీద ఎలాంటి బరువు పడుతుందన్నది అసలు కారణం.

ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకోండి. పడుకోబెట్టి వంచితే విల్లులా వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి వంచండి, కదలదు. ప్లాస్టిక్ మారలేదు, వంచే దిశలో మందం మారింది. మందం రెండింతలైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిదింతలు అవుతుంది. అంటే తేలిక పదార్థానికి ఇక్కడ ఒక లాభం ఉంది. అదే బరువులో దాన్ని ఎక్కువ మందంగా వేసుకోవచ్చు.

దీన్ని అంకెల్లో చూద్దాం. పదార్థం దృఢత్వాన్ని (సాగకుండా, వంగకుండా నిలిచే గుణాన్ని) గిగాపాస్కల్స్‌లో తీసుకుని, దాని ఘనమూలాన్ని సాంద్రతతో (ఘన సెంటీమీటరుకు ఎన్ని గ్రాములో దానితో) భాగించండి. జవాబు ఎంత పెద్దదైతే, అదే బరువులో పలక అంత తక్కువ వంగుతుంది. ఉక్కుకు దృఢత్వం 210, సాంద్రత 7.8. జవాబు 0.76. గోగులాగే కాడ నుంచి తీసే అవిసెనార నేతబట్టతో చేసిన ఎపాక్సీ పలకకు సుమారు 12, 1.25 అనుకుంటే 1.83 వస్తుంది. గాజు ఫైబర్‌కు 22, 1.85 వేస్తే 1.5. కార్బన్ నేతకు 60, 1.5 వేస్తే 2.6. ఒకే బరువున్న పలకల్ని వంచే పోటీలో నార గాజును దాటేసింది, ఉక్కును చాలా వెనక్కి నెట్టింది.

కానీ అదే నారను కడ్డీగా చేసి రెండు కొసలూ పట్టి లాగితే కథ తిరగబడుతుంది. అక్కడ ఘనమూలం ఉండదు. దృఢత్వాన్ని నేరుగా సాంద్రతతో భాగించాలి. ఉక్కు 27, నార 9.6, కార్బన్ 40. ఆకారం నిలబెట్టుకుంటే చాలనుకునే తలుపు పలకకు నార సరిపోవడానికి, గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడాల్సిన గూటికి కార్బన్ కావాల్సిరావడానికి మూలం ఇక్కడుంది. ఈ రెండు లెక్కలూ కాగితం మీద మీరే ఒకసారి చేయండి. చదివితే గుర్తుండవు.

ఇప్పుడు చేతిపని. గోనెగుడ్డ ముక్కలు నాలుగు, కార్బన్ నేతబట్ట ముక్కలు నాలుగు కత్తిరించండి. కార్బన్ కోసేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. ఆ దుమ్ములో కరెంటు పారుతుంది కాబట్టి ప్లగ్ బోర్డులకు, ల్యాప్‌టాప్‌కు దూరంగా కూర్చోండి.

గోనెగుడ్డను తప్పకుండా ఆరబెట్టాలి. పొడిగా కనిపించినా జనపనారలో బరువులో పదో వంతుకు పైగా నీరుంటుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. ఓ జూలైలో నేను ఈ పని వదిలేశాను. పలక మీద తెల్లటి మచ్చలు తేలాయి, మర్నాడు గోటితో గీకితే పొర లేచి వచ్చింది. అప్పటినుంచీ గుడ్డను తూచి, ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, మళ్లీ తూస్తాను. బరువు తగ్గడం ఆగితేనే ఆరినట్టు. తీసిన వెంటనే రెజిన్ పూయాలి, ఆలస్యమైతే గాలిలో తేమను మళ్లీ పీల్చుకుంటుంది. వేడి మాత్రం పెంచకండి, 200 డిగ్రీలు దాటితే నార మాడి బలం పోతుంది. ఫ్యాక్టరీల్లో 165 డిగ్రీల దగ్గరే కరిగే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో నారను కలిపి ప్రెస్ చేయడానికి అదొక కారణం.

మైనం పూసిన అద్దం మీద రెండు పలకలు వేయండి. మొదటిదానికి పొరల వరస: కార్బన్, గోనె, గోనె, కార్బన్. రెండోదానికి: గోనె, కార్బన్, కార్బన్, గోనె. సామాను అదే, బరువు అదే, ఖర్చూ అదే. గోనెకు దాని బరువుకు ఒకటిన్నర నుంచి రెండింతల రెజిన్ పడుతుంది, కార్బన్‌కు సమానంగా సరిపోతుంది. పైన ఇంకో మైనం అద్దం పెట్టి బరువు ఉంచి, ఒక రోజు వదిలేయండి.

గట్టిపడ్డాక ఒక్కోదాని నుంచి రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కోయండి. 20 సెంటీమీటర్ల ఎడంలో రెండు పుస్తకాల మీద ఆనించి, మధ్యలో అర కిలో బరువు వేలాడదీసి, ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. గోనె పొర 0.8, కార్బన్ పొర 0.25 మిల్లీమీటర్ల మందం అనుకుని నేను లెక్కేస్తే, కార్బన్ బయట ఉన్న పట్టీ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు, లోపల ఉన్నది ఆరు, ఏడు మిల్లీమీటర్లు దిగాలి. వంగేటప్పుడు పై పొర నొక్కుకుంటుంది, కింది పొర సాగుతుంది, నడుమ పొరకు దాదాపు పనే ఉండదు. నడుమ వేసిన కార్బన్ ఖాళీగా కూర్చున్నట్టే.

ఇంకొకటి. కాలేజీ పోటీ కారుకు ఈ పలక బిగించేవాళ్లు కార్బన్‌ను అల్యూమినియానికి నేరుగా తగలనివ్వకండి. తడి చేరితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. మధ్యలో పలుచటి గాజు ఫైబర్ పొర ఒకటి వేయండి.

రెండు పట్టీల కొలతలు, ఓవెన్‌లో పెట్టకముందు, పెట్టాక గోనె బరువు మీ నోటు పుస్తకంలో రాసి ఉంచండి. నాలుగో పాఠంలో ఆ పట్టీలనే రెండు రోజులు నీళ్లలో నానబెట్టి మళ్లీ కొలుస్తాం.