జీఎస్టీ నంబరుకి అప్లై చేసే ముందు చూసుకోవాల్సినవి

వ్యాట్ రోజులు పోయి 2017 జులై 1 నుంచి జీఎస్టీ వచ్చింది. బెజవాడలో ఇంట్లో కూర్చుని డిజైనింగో కోడింగో చేసేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

– ఏప్రిల్ నుంచి మార్చి దాకా మీ రాబడి 20 లక్షలు దాటిందా? లాభం కాదండీ, మొత్తం బిల్లులు. ఫారిన్ క్లయింట్ల డబ్బు, మీ పాన్ మీద వచ్చే ఇంటద్దె కూడా ఈ లెక్కలోకే. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. 40 లక్షల పరిమితి సరుకులమ్మే వాళ్లది, మనది కాదు.

– దాటితే 30 రోజుల్లో అప్లై చేయాలి. పోర్టల్‌లో ఫీజేమీ లేదు.

– అద్దిల్లయితే అడ్రస్ ప్రూఫ్ కింద అగ్రిమెంటు, కరెంటు బిల్లు పెట్టాలి. ఓనరుగారికి ముందే ఓ మాట చెప్పండి, లేకపోతే కంగారుపడతారు.

– నంబరు రాకముందు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు.

– క్లయింటు గుంటూరులో ఉంటే మామూలుగా సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9 శాతం. హైదరాబాద్ అయితే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటితే పడే పన్ను) 18. పక్క రాష్ట్రం కదా మరి! విదేశీ క్లయింటయితే ఎల్‌యూటీ (హామీ పత్రం) పెట్టి పన్ను లేకుండా బిల్లు వేయొచ్చు. అది ఏటా కొత్తగా పెట్టాలి.

– నంబరు వచ్చాక పని లేకపోయినా నిల్ రిటర్న్ (బిల్లులేవీ లేవని చూపే లెక్క) తప్పదు. ఆలస్యమైతే రోజుకి 20 రూపాయలు.