పీజీ తిండి తింటూనే కడుపులో బ్యాక్టీరియాని బాగా చూసుకోవడం ఎలా? (బెంగళూరులో ఉండే మనవాళ్ళకి)

మారతహళ్ళిలోనో బీటీఎంలోనో ఏదో ఒక మెడికల్ షాప్ ముందు పొద్దున పూట కాసేపు నిలబడండి, "అన్నా, గ్యాస్ టాబ్లెట్ ఒక స్ట్రిప్ ఇవ్వు" అని తెలుగులోనే వినబడుతుంది. ఉబ్బరం, పుల్లటి త్రేన్పులు, రెండ్రోజులు మోషన్ రాదు, మూడో రోజు బాత్రూమ్ వదలనివ్వదు, ఇదీ మన పీజీ బ్యాచ్ పరిస్థితి. ఇందులో చాలావాటికి పేగుల్లో ఉండే బ్యాక్టీరియాతో సంబంధం ఉంది, అన్నిటికీ లేదు. అయితే మనవాళ్ళు చేసే పని తిరగేసి ఉంటుంది, ముందు ప్రోబయోటిక్ క్యాప్సూల్ (మేలుచేసే బతికున్న బ్యాక్టీరియా ఉన్నది) కొంటారు, తిండి గురించి చివర్లో ఆలోచిస్తారు. లోపల ఆల్రెడీ ఉన్నవాటికి తిండి పెట్టకుండా బయట నుంచి కొత్తవి తెచ్చి పోస్తే అవి మాత్రం ఏం తిని బతుకుతాయి చెప్పండి.

కొంచెం సైన్స్ చెప్పుకుని పనిలోకి దిగుదాం. మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ లెక్క, మన సొంత కణాలేమో 30 లక్షల కోట్లు, అంటే దాదాపు సమానం. వాట్సాప్‌లో తిరిగే "మనకంటే పది రెట్లు ఎక్కువ, రెండు కేజీల బరువు" అనేది పాత మాట, మొత్తం కలిపి 200 గ్రాములే. ఎక్కువ భాగం పెద్దపేగులో ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచు అక్కడికి చేరితే అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి, పెద్దపేగు లోపలి పొరలోని కణాలకి ముఖ్యమైన ఇంధనం ఆ బ్యూటిరేటే. పీచు దొరక్కపోతే కొన్ని రకాలు పేగు గోడ మీద జిగురు పొరనే తినడం మొదలుపెడతాయని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది. పులిసినప్పుడు గ్యాస్ కూడా పుడుతుంది కాబట్టి కొంచెం గ్యాస్ రావడం జబ్బేం కాదు.

స్టెప్ 1: ఒక వారం రాసుకోండి

ఫోన్ నోట్స్ చాలు. ఏం తిన్నారు, ఏ టాబ్లెట్ వేసుకున్నారు, మోషన్ ఎలా అయింది. మోషన్‌కి బ్రిస్టల్ చార్ట్ అని ఒకటుంది, ఏడు రకాల బొమ్మలుంటాయి, 3, 4 అయితే బాగున్నట్టు, 1, 2 మలబద్ధకం, 6, 7 విరేచనాలు. సిగ్గుపడాల్సిందేం లేదు, డాక్టర్ అడిగేది కూడా ఇదే.

ఇది రాస్తే అసలు దోషి పాలే అని దొరికిపోయే ఛాన్స్ ఎక్కువ. దక్షిణ భారతంలో చాలామందికి పెద్దయ్యాక పాలల్లో లాక్టోజ్ సరిగ్గా అరగదు, అది అలాగే పెద్దపేగుకి వెళ్తే బ్యాక్టీరియా పండగ చేసుకుంటాయి, మనకి ఉబ్బరం. ఆఫీసు దగ్గర దర్శినిలో నాలుగు ఫిల్టర్ కాఫీలు తాగి, రాత్రి పీజీలో పాలు తాగి, సాంబార్‌ని తిట్టేవాళ్ళు ఉన్నారు. కొన్ని రోజులు పాలు ఆపి చూడండి. పెరుగు మాత్రం చాలామందికి పడుతుంది ఎందుకంటే తోడుకునేటప్పుడే బ్యాక్టీరియా కొంత లాక్టోజ్ తినేస్తాయి, మిగిలింది అరగడానికి కూడా సాయం చేస్తాయి.

స్టెప్ 2: పీచు పెంచండి, కానీ మెల్లిగా

పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. తెల్లబియ్యం 100 గ్రాముల్లో ఉండేది సుమారు 3 గ్రాములు, రాగుల్లో సుమారు 11. ఇప్పుడు పీజీ మెనూ చూడండి, పొద్దున మైదా పూరీ, మధ్యాహ్నం తెల్లన్నం నీళ్ళ సాంబార్, రాత్రి మళ్ళీ తెల్లన్నం, శనివారం బిర్యానీ. బ్యాక్టీరియాకి దీంట్లో వాటా ఎక్కడుంది?

బెంగళూరులో ఉండి దీనికి బాధపడటం అన్యాయం అసలు. రాయలసీమవాళ్ళ సంకటే ఇక్కడ ముద్దె పేరుతో దొరుకుతుంది, దాంతో సొప్పు సారు అంటే ఆకుకూర పులుసు, చలికాలంలో అయితే అవరెకాళు, అదే మన అనపగింజలు. వారంలో మూడు నాలుగు పూటలు అన్నం బదులు ఇది తిన్నా తేడా తెలుస్తుంది. వంట గది లేని పీజీ అయితే హాప్‌కామ్స్‌లో జామకాయలు, అరటిపళ్ళు, కేరట్ కొనుక్కోండి, వేయించిన శనగలు ఒక డబ్బా టేబుల్ మీద పెట్టుకోండి. ఒకే రకం రోజూ తినేకన్నా రకరకాలుగా మార్చడం మంచిది, ఒక్కో బ్యాక్టీరియాకి ఒక్కో రకం పీచు ఇష్టం.

చద్దన్నం గురించి కూడా అడుగుతుంటారు. అన్నం వండి చల్లారిస్తే కొంత పిండిపదార్థం అరగని రకంగా మారి పీచులాగే పెద్దపేగు దాకా వెళ్తుంది, కాబట్టి అమ్మమ్మ పెట్టిన మజ్జిగ చద్దన్నం మంచిదే, అయితే ఎండాకాలంలో వండిన అన్నం గంటలకి గంటలు ఊరికే బయట వదిలేసి తినొద్దు, వాంతులు చేయించే బ్యాక్టీరియా కూడా అందులోనే పెరుగుతుంది.

ఒక్కరోజులో అన్నీ మొదలుపెడితే మాత్రం కడుపు డ్రమ్ము అయిపోయి "ఈ హెల్తీ ఫుడ్ నాకు పడదు" అని మళ్ళీ పూరీకి పోతారు. వారానికి ఒక మార్పు చాలు, నీళ్ళు కూడా పెంచండి. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, దాంతోపాటు మలబద్ధకమో విరేచనాలో ఉండే పేగు సమస్య) ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి, ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, రాజ్మా లాంటివి తొందరగా పులుస్తాయి కాబట్టి వాళ్ళకి నొప్పి పెంచొచ్చు, మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్ళు వీటిని కొన్ని వారాలు ఆపి ఒక్కోటి మళ్ళీ కలిపి చూసే పద్ధతి తెచ్చారు, దాన్ని డైటీషియన్‌తో కలిసి చేయండి, జీవితాంతం మానేయడం కాదు.

స్టెప్ 3: పెరుగు మీరే తోడు పెట్టుకోండి

ప్యాకెట్ పెరుగు కూడా ఓకే, ఇంట్లోది చవక, పైగా తాజా. పాలు కాచి, వేలు పెడితే వెచ్చగా ఉండి కాలనంత చల్లారాక అర లీటరుకి ఒక చెంచా తోడు కలపండి. బెంగళూరులో డిసెంబర్ చలికి ఇక్కడే ఫెయిల్ అవుతారు, పొద్దున లేచి చూస్తే పాలు పాలలాగే ఉంటాయి. గిన్నెని హాట్‌బాక్స్‌లో పెట్టి టవల్ చుట్టేయండి, తోడు కొంచెం ఎక్కువ వేయండి, పది పన్నెండు గంటలు టైమ్ ఇవ్వండి. అదే ఏప్రిల్‌లో అయితే ఐదారు గంటలకే చూసి ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే పులిసిపోతుంది.

మజ్జిగ పులుసు కాచినా, ఇడ్లీ ఆవిరి మీద ఉడికినా బ్యాక్టీరియా చచ్చిపోతాయి. ఇడ్లీ మంచి తిండే, తేలిగ్గా అరుగుతుంది, కానీ బతికున్న బ్యాక్టీరియా కోసం అయితే పచ్చి పెరుగు, మజ్జిగే. ఆవకాయని కూడా ప్రోబయోటిక్ అని పేరు పెట్టి ఎక్కువ తినొద్దు, ఉప్పు ఎంతుందో మీకే తెలుసు. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 36 మందితో చేసిన స్టడీలో పులిసిన పదార్థాలు పది వారాలు తిన్నవాళ్ళ పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, కాకపోతే వాళ్ళు తిన్నది రోజుకి ఆరు సార్ల దాకా, వారానికి ఒక లస్సీ కాదు.

స్టెప్ 4: యాంటీబయోటిక్ మీరే డిసైడ్ చేయొద్దు

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మోషన్స్ పట్టుకుంటే షాపులో "మోషన్స్ టాబ్లెట్" అడిగితే చాలాసార్లు ఇచ్చేది యాంటీబయోటిక్ కలిసిన బిళ్ళ. చాలా విరేచనాలు వైరస్ వల్ల వచ్చేవి, వాటిమీద అది పనిచేయదు, మంచి బ్యాక్టీరియా మాత్రం పోతుంది. ఖాళీ అయిన చోట సి. డిఫిసిల్ అనే మొండి బ్యాక్టీరియా పెరిగితే తీవ్రమైన విరేచనాలు వస్తాయి, అది మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంటే వేరే ఆరోగ్యవంతుడి మలంలోని బ్యాక్టీరియాని రోగి పేగులోకి ఎక్కిస్తారు. వినడానికి ఛీ అనిపిస్తుంది కానీ బాగా పనిచేసే ట్రీట్‌మెంట్. మామూలు విరేచనాలకి ముందు కావాల్సింది ఓఆర్ఎస్, ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. పీజీలో ట్యాంకర్ నీళ్ళయితే ఫిల్టర్ సర్వీస్ ఎప్పుడు చేశారో ఓనర్‌ని అడగండి, మొహమాటం వద్దు.

అలాగని చంపాల్సినవి లేవని కాదు. కడుపులో పుండుకి మసాలా, టెన్షనే కారణం అనుకునే రోజుల్లో ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ 1984లో హెచ్. పైలోరి అనే బ్యాక్టీరియాని తనే తాగి కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు, 2005లో రాబిన్ వారెన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. టెస్టులో అది ఉందని తేలి డాక్టర్ కోర్సు రాస్తే మధ్యలో ఆపకుండా పూర్తిగా వాడాలి.

గ్యాస్ టాబ్లెట్ సంగతి కూడా ఇక్కడే. పాంటాప్రజోల్ లాంటివి యాసిడ్ తగ్గిస్తాయి, ఆ యాసిడ్ తిండితో వచ్చే క్రిముల్ని చంపేది కూడా, కాబట్టి నెలల తరబడి సొంతంగా వేసుకుంటే పేగు ఇన్ఫెక్షన్లకి దారి దొరుకుతుంది. డాక్టర్ రాసింది అయితే అడక్కుండా ఆపొద్దు, ఒక్కసారిగా ఆపితే యాసిడ్ ఎగదన్నుతుంది.

స్టెప్ 5: క్యాప్సూళ్ళు, టెస్ట్ కిట్లు

ప్రోబయోటిక్‌లలో ఒక్కో రకం ఒక్కో పనికి, అన్నిటికీ ఒకటే అనేది ఉండదు. 2018లో వైజ్‌మన్ వాళ్ళ ఇంకో స్టడీలో యాంటీబయోటిక్ తర్వాత ప్రోబయోటిక్ వేసుకున్నవాళ్ళ సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం లేట్ అయింది. వేల రూపాయల మలం టెస్ట్ కిట్ల రిపోర్ట్‌లో రంగురంగుల గ్రాఫులుంటాయి, దాన్ని బట్టి ట్రీట్‌మెంట్ మార్చే స్థాయి ఇంకా రాలేదు. ఆ డబ్బుతో పళ్ళు కొనుక్కోండి.

స్టెప్ 6: ఇవి కనబడితే ఇంటి ప్రయోగాలు బంద్

మలంలో రక్తం, తారులాంటి నల్లటి మోషన్, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, తగ్గని జ్వరం, రక్తహీనత, మింగడం కష్టంగా ఉండటం, లేదా 45 దాటాక కొత్తగా మోషన్ అలవాటు మారడం. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగుల్లో వాపు వచ్చే జబ్బుల్లో కూడా బ్యాక్టీరియా రకాలు తగ్గి కనబడతాయి, కానీ అది కారణమా ఫలితమా అనేది పూర్తిగా తేలలేదు, పెరుగుతో అవి నయం కావు. గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి, స్టెప్ 1లో రాసిన నోట్స్, ఇప్పటిదాకా మింగిన టాబ్లెట్ల స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్ళండి, భాష ఇబ్బంది అనిపిస్తే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగొచ్చిన డాక్టర్ ఉన్నారా అని అడగండి, బెంగళూరులో బాగానే దొరుకుతారు.