అడైమళై మొదలయ్యేలోపు చెక్క నేలకి చేయాల్సినవి

దసరా వెళ్లాక పట్టుకునే ముసురుని చెన్నైలో అడైమళై అంటారు. ఈ ఊళ్లో ఏడాదికి పడే వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల పుణ్యమే, అదీ అక్టోబరు, డిసెంబరు మధ్య. ఇంట్లో టైల్సో గ్రానైటో ఉంటే తడి తుడిస్తే పోతుంది. బెడ్‌రూమ్‌లోనో హాల్లోనో వుడెన్ ఫ్లోరింగ్ వేయించుకున్నవాళ్లు మాత్రం సెప్టెంబరులోనే పని మొదలుపెట్టాలి.

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో చూసుకోండి. అన్నింటినీ ఒకే పేరుతో అమ్ముతారు. గుమ్మం దగ్గర ఉండే పట్టీ విప్పితే పలక అంచు కనిపిస్తుంది. పైనుంచి కిందిదాకా ఒకటే చెక్క అయితే టేకులాంటి అసలు కలప. పైన పలచగా మంచి చెక్క, కింద ప్లైవుడ్ పొరలు ఉంటే ఇంజినీర్డ్ వుడ్. గోధుమరంగు అట్టలాంటి బోర్డు మీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం అతికించి ఉంటే లామినేట్. టేకు తడికి వంగినా, నిదానంగా ఆరితే చాలావరకు దారికొస్తుంది. లామినేట్ లోపలి బోర్డు ఒకసారి నీళ్లు పీల్చి ఉబ్బిందంటే ఆరినా తగ్గదు, ఆ పలక మార్చాల్సిందే. అందుకే వేయించినప్పుడు మిగిలిన పలకల్ని పాతసామాన్లవాడికి ఇవ్వకుండా అటక మీద దాచండి. రెండేళ్ల తర్వాత అదే రంగు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

మాది వేళచ్చేరిలో మూడో అంతస్తు. 2015 డిసెంబరు వరదలో, 2023 మిచాంగ్ తుఫానులో కింద పార్కింగ్‌లో నీళ్లు నిలిచాయి కానీ మా ఇంట్లోకి చుక్క రాలేదు. మూడో అంతస్తుకి వరదేంటిలే అన్న ధీమా అలా పెరిగింది. ఆ తర్వాత ఒక దీపావళికి ఇంటికి తాళం వేసి నెల్లూరు వెళ్లాం. పెద్ద తుఫాను కూడా కాదు, మామూలు వాన. పావురాల ఈకలు, ఎండుటాకులు బాల్కనీలో నీళ్లు పోయే జాలీకి అడ్డం పడ్డాయి. నీళ్లు నిండి, స్లైడింగ్ తలుపు పట్టాలు దాటి లోపలికొచ్చాయి. నాలుగు రోజులకి వచ్చి తలుపు తీస్తే హాల్లో టేకు పలకల అంచులన్నీ లేచి, నేల రేకుల కప్పులా అలలు అలలుగా ఉంది.

కాబట్టి మొట్టమొదటి పని బాల్కనీ. జాలీ ఎత్తి లోపల చెయ్యిపెట్టి శుభ్రం చేయండి. స్లైడింగ్ తలుపు పట్టాలకి బయటివైపు చిన్న కన్నాలుంటాయి, దుమ్ము పట్టి మూసుకుపోతాయి. పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఒక చెంబుడు నీళ్లు పట్టాల్లో పోసి చూడండి. నీళ్లు బయటికి పోవాలి, అక్కడే నిలిస్తే ఇంకా అడ్డం ఉన్నట్టే. కిటికీ ఫ్రేముల చుట్టూ సిలికాన్ ఊడిపోయి ఉంటే ఎండ ఉన్న రోజుల్లోనే వేయించాలి. తడి గోడ మీద అది పట్టదు. ఏసీ నీళ్ల పైపు, వంటింట్లో వాటర్ ప్యూరిఫైయర్ సన్న పైపు కూడా ఓసారి తడిమి చూడండి. ఊరెళ్లేటప్పుడు ఇంటి నీళ్ల వాల్వు కట్టేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్లండి. మేం ఆ రెండూ చేయలేదు.

గోడ వారన అడుగున కొట్టే పట్టీ, అంటే స్కర్టింగ్ కింద సుమారు ఎనిమిది, పది మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు. అది పనితనం లోపం కాదు. తేమకి చెక్క సాగుతుంది, సాగడానికి ఆ చోటు కావాలి. చీమలొస్తున్నాయని అందులో వైట్ సిమెంటు కూరినవాళ్లని చూశాను. పక్కకి చోటు లేక వానాకాలంలో నేల మధ్యలో పైకి లేచింది.

ఇక కడగడం. బకెట్టు నీళ్లు కుమ్మరించి చీపురుతో తోస్తే తప్ప ఇల్లు కడిగినట్టు అనిపించని ప్రాణాలు మనవి. మా అత్తయ్యగారికి ఇది వివరించడం కన్నా నేల మార్పించడం తేలిక అనిపించింది ఒక దశలో. రోజూ పొడి గుడ్డతోనో మైక్రోఫైబర్ మాపుతోనో తుడిస్తే చాలు. తడి మాపు పెడితే గట్టిగా పిండి పెట్టాలి, తుడిచిన రెండు నిమిషాల్లో నేల ఆరిపోవాలి. మా ఇంట్లో పనిచేసే అక్కకి మొదటి రోజే చెప్పిన మాట, "నల్లా పిళింజు తొడైంగ", అంటే బాగా పిండి తుడవండి అని. స్టీమ్ మాపు, ఫినాయిల్, వెనిగర్ వద్దు. పాలిష్ ఇంకా బాగుందో లేదో తెలియాలంటే ఒక నీటిచుక్క వేయండి. ముత్యంలా నిలిస్తే సరే, ఇంకి నల్లగా మారితే వానలకి ముందే పై కోటింగు వేయించండి. లామినేట్‌కి ఈ పరీక్షా లేదు, కోటింగూ లేదు.

ముసురు పట్టినప్పుడు గాలి ఆడాలని కిటికీలన్నీ తెరుస్తాం. బయట గాల్లో తేమ 80 శాతం దాటి ఉంటే, ఆ గాలి చెక్కని ఆరబెట్టదు, తడిపెడుతుంది. కిటికీలు మూసి రోజుకి రెండు మూడు గంటలు ఏసీ డ్రై మోడ్‌లో పెట్టండి. వెనక రబ్బరున్న డోర్‌మ్యాట్లు ఈ మూడు నెలలూ తీసేయండి, వాటి కింద తడి కదలదు.

కార్తీకమాసం సరిగ్గా ఈ వానల్లోనే వస్తుంది. దీపాలు చెక్క మీద నేరుగా పెట్టకండి, ఇత్తడి పళ్లెంలో పెట్టండి. నూనె మరక కన్నా సెగకి మాడిన మచ్చ పోగొట్టడం కష్టం.

తొలి వానలకి లైటు చుట్టూ ఉసిళ్లు మూగుతాయి. అవి రెక్కలొచ్చిన చెదలే కావచ్చు. అన్నీ బయటినుంచే వచ్చి ఉంటాయనుకోకండి. రాలిన రెక్కలు ఇంటి లోపలి స్కర్టింగ్ దగ్గరే కుప్పగా కనిపించినా, గోడ మీద సన్నటి మట్టిగీత ఉన్నా, పలక మీద తడితే డొల్ల చప్పుడు వచ్చినా వెంటనే చెదల మందు కొట్టేవాళ్లని పిలవండి.

ఇంత చేసినా నీళ్లు లోపలికి వస్తే? ప్లగ్‌పాయింట్ల దాకా చేరి ఉంటే ముందు మెయిన్ ఆపండి. తడి మొత్తం గుడ్డలతో పీల్చి, స్కర్టింగ్ విప్పి, ఫ్యాను వేసి వదిలేయండి. హీటరు, హెయిర్ డ్రయ్యరు పెడితే పైభాగం ఒక్కటే ఆరి పగులుతుంది. మురుగు కలిసిన వరద నీరు లామినేట్ కిందికి చేరితే మాత్రం ఆరబెట్టే ఆలోచన మాని, పలకలు ఊడదీయించండి.

టేకు అంచులు లేచాయని కంగారుపడి వెంటనే గీకించకండి. మేం చేసిన రెండో తప్పు ఇదే. కాంట్రాక్టరు పది రోజుల్లో వచ్చి శాండింగ్ మిషనుతో అంచులన్నీ చదును చేసి, పాలిష్ కొట్టి, డబ్బు తీసుకుని వెళ్లాడు. అప్పటికి పలకల అడుగున తేమ అలాగే ఉంది. ఏప్రిల్‌కి అది ఆరేసరికి, గీకేసిన అంచులు కిందికి దిగి ప్రతి పలకా నడుం పైకెత్తుకుని కూర్చుంది. మళ్లీ గీకడం, మళ్లీ డబ్బు.

వానలు వెళ్లాక, ఫిబ్రవరి దాటేదాకా ఆగండి. పలకకి అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి, మధ్యలో సందు ఎంతుందో వారం వారం చూడండి. మార్పు ఆగిందంటే అప్పుడు మనిషిని పిలవండి. వచ్చినవాడు తేమ మీటరుతో పాడైన పలకనీ, తడవని గదిలో పలకనీ కొలిచి రెండూ ఒకేలా ఉన్నాయని చూపించాలి. మీటరు తేనివాడికి కాఫీ ఇచ్చి పంపండి, మిషను మాత్రం లిఫ్టులోంచి దించనివ్వకండి.