పెయింటు మాట నమ్మొద్దు, మరలు చూడండి

పాత ఇటాలియన్ సైకిల్ ఉక్కు ఫ్రేము చేతికి రాగానే కళ్లు ముందు స్టిక్కర్ మీదికే పోతాయి. చూడండి, కానీ నమ్మకండి. నా ఎర్ర ఫ్రేము మీద కొల్నాగో అనే పేరున్న ఇటలీ సైకిల్ కంపెనీ పేరు, పక్కన వాళ్ల కళావరు గుర్తు ఉండేవి. గోరుతో గీకితే కింద నీలం, దాని కింద ఆకుపచ్చ. అమ్మినాయన్ని అనడానికీ లేదు, ఆయనకీ ఎవరో అదే మాట చెప్పి అమ్మారు.

అందుకే ముందు ఫ్రేమును తలకిందులు చేయండి. పెడల్ ఇరుసు దూరే అడ్డ గొట్టం, అదే బాటం బ్రాకెట్ షెల్, వెడల్పు వెర్నియర్‌తో కొలవండి. 70 మి.మీ. వస్తే దాదాపుగా ఇటలీ మరే: వ్యాసం 36 మి.మీ., అంగుళానికి 24 చుట్లు. 68 వస్తే ఇంగ్లిష్ మర అయ్యుండొచ్చు. ఎగుమతి కోసం ఇటలీవాళ్లే ఆ మరతో చేసిన ఫ్రేములూ ఉన్నాయి కాబట్టి అంతమాత్రానికే నీరుగారిపోనక్కర్లేదు.

నేను బోల్తా పడింది ఇక్కడే. షెల్‌కి రెండు పక్కలా ఇరుసును పట్టి ఉంచే మర కప్పులుంటాయి. ఇంగ్లిష్ షెల్‌లో కుడి కప్పుది ఎడమ మర, అంటే మామూలుకి ఎదురు తిప్పితే బిగిసేది. ఇటాలియన్‌లో రెండు వైపులా మామూలు మరే. అది తెలియక కుడి కప్పును గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాను, పానాకి గొట్టం తగిలించి మరీ వేలాడాను. విప్పుతున్నాననుకుంటూ అరగంట సేపు బిగించానన్నమాట. చివరికి తిక్క పుట్టి ఎదురువైపు తోస్తే టక్కున వదిలింది.

కప్పులు ఊడాక టార్చి వేసి లోపలికి చూడండి. సీటు గొట్టం, కింది గొట్టం వచ్చి కలిసేచోట లోపల మెలికలు తిరిగిన గట్లు కనిపిస్తే అది ఇటలీ గొట్టాల కంపెనీ కొలంబస్ చేసిన ఎస్ఎల్ఎక్స్ రకం కావచ్చు. లేకపోతే ఫోర్కు బయటికి తీయండి. దాని కాడ మీద చిన్న పావురం ముద్ర ఉంటే కొలంబస్ ఉక్కే. సీటు పోస్టు 27.2 మి.మీ. సరిగ్గా పడితే కొలంబస్‌లోనే పల్చటి ఎస్ఎల్ రకం కావచ్చు, గొట్టం మందమైతే అంతకన్నా సన్నది పడుతుంది. షెల్ మీదో సీటు లగ్గు (సీటు దగ్గర గొట్టాలు కలిపే తొడుగు) మీదో 56 అని కొట్టి ఉంటే అది సీరియల్ నంబరనుకుని పొంగిపోకండి. చాలాసార్లు అది ఫ్రేము సైజే, సెంటీమీటర్లలో.

వయసు కావాలంటే వెనక చక్రం కూర్చునే సందు కొలవండి. 120 మి.మీ. అయితే అయిదు పళ్లచక్రాల కాలం, 126 అయితే ఆరో ఏడో, 130 అయితే ఎనిమిది, ఆపైన. ఇటలీ కంపెనీ కాంపాన్యోలో చేసిన నువోవో రికార్డ్ అనే వెనక గేరు మీద పేటెంటు పక్కన రెండంకెల ఏడాది ఉంటుంది, కానీ అది గేరు వయసు. గేరుదేముంది, ఎప్పుడైనా మారిపోతుంది. (ఆ పేరును నేను చాలాకాలం కాంపాగ్నోలో అనే పలికాను. ఇటలీవాళ్లకు అది "న్య". మనకు జ్ఞ ఉంది కదా అని నోరు అటే పోతుంది.)

డబ్బు ఖర్చు పెట్టేముందు పురికొస పరీక్ష తప్పదు. వెనక చక్రం ఇరుసు కూర్చునే కుడి గాడికి పురికొస కట్టి, ముందు ఫోర్కు దూరే తల గొట్టం చుట్టూ తిప్పి, ఎడమ గాడికి లాగి కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉండాలి. నాకు ఒకవైపు 3 మి.మీ. ఎక్కువొచ్చింది. ఉక్కు కాబట్టి తెలిసిన చేయి పడితే సరవుతుంది, నాదీ సరైంది. కానీ తల గొట్టం వెనక, కింది గొట్టం అడుగున వేలితో తడిమితే చిన్న అల తగిలితే, ఆ ఫ్రేము దేన్నో ముందునుంచి గుద్దిందన్నమాట. దాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనండి.

బిగింపులో నేను రాజీపడనివి మూడు. కుడి కప్పుకి మర పట్టే జిగురు రాసి, బలంకొద్దీ బిగించాలి. మనం తొక్కేకొద్దీ ఇటాలియన్ కుడి కప్పు వదులయ్యే వైపే జరుగుతుంది. ఇంగ్లిష్‌వాళ్లు ఎడమ మర పెట్టుకున్నది అందుకే. సీటు పోస్టుకి గ్రీజు పూయాలి, లేకపోతే అల్యూమినియం ఉక్కులో అతుక్కుపోయి, రంపంతో తప్ప రాదు. హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే స్టెమ్ పాత చినెల్లి కంపెనీదైతే, హ్యాండిల్ పట్టే చోటు 26.4 మి.మీ. అందులో 26.0 హ్యాండిల్ పెట్టి గట్టిగా బిగిస్తే చాల్లే అనుకుంటే, బ్రేకు పట్టిన రోజు హ్యాండిల్ కిందికి తిరుగుతుంది.

క్రాంక్ (పెడల్ తగిలే చేయి) కొనేముందు మీ మోకాళ్లనీ అడగండి. నువోవో రికార్డ్ క్రాంక్‌లో ముందు పళ్లచక్రం బోల్టుల వలయం వ్యాసం 144 మి.మీ., దానికి 41 పళ్లకన్నా చిన్నది పట్టదు. ఎరోయికాలో, అంటే 1997 నుంచి గయోలే ఇన్ కియాంతిలో జరిగే పాత సైకిళ్ల సవారీలో, తెల్లమట్టి ఎత్తుల మీద ఈ పళ్ల లెక్క కాళ్లకు తెలిసొస్తుంది. నా ముందు చిన్న పళ్లచక్రానివి 42 పళ్లు, వెనక పెద్దదానివి 26. 41 కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను. ఫ్రేము ఎవరు చేశారో ఇప్పటికీ తేలలేదు. కళావరు మాత్రం గీకేశాను.