సమాధులు, బుల్లితెర మనుషులు: నోట్‌బుక్ రాయడం ఎలా? (4వ పాఠం)

సమాధుల మీది రాతల్నీ, మనం కలిసిన టీవీ నటుల వివరాల్నీ నోట్‌బుక్‌లో రాసుకోవడం నేర్చుకుంటున్నాం కదా. పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి చాలామంది ఒకే జవాబు రాశారు. అది తప్పు. అంతమంది ఒకే చోట జారారంటే చెప్పేటప్పుడు నేనే ఒక మెట్టు వదిలేశానన్నమాట. అందుకే ఈసారి మొదలుపెడదామనుకున్న భీమిలి డచ్ సమాధుల్ని వెనక్కి జరిపి, ముందు ఇది సరిచేస్తాను.

ప్రశ్న గుర్తుంది కదా. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల్లో సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్‌షా సమాధి మీద మరణ సంవత్సరం హిజ్రీ (ముస్లింల చాంద్రమాన లెక్క) 1020. క్రీస్తుశకంలో అది ఎంత? హిజ్రీని క్రీస్తుశకంలోకి మార్చే మామూలు సూత్రం ప్రకారం మీరు 1020ని 0.97తో గుణించి 622 కలిపారు. 1611.4 వచ్చింది. 1611 అని రాసేశారు. ఆయన చనిపోయింది 1612లో.

లెక్క బాగానే చేశారు, నెల చూడలేదు. శాసనంలో 1020తో పాటు జిల్‌ఖద నెల 17వ రోజు అని కూడా ఉంది. హిజ్రీ సంవత్సరం మొహర్రంతో మొదలవుతుంది. 1020లో మొహర్రం మన 1611 మార్చి నడుమ వచ్చింది. జిల్‌ఖద పదకొండో నెల. మార్చి నుంచి పది నెలలు ముందుకు లెక్కపెట్టండి, జనవరిలోకి వస్తారు. ఆ జనవరి 1612ది.

ఇది విని ‘అయితే మొహర్రం అంటే మార్చి’ అని పక్కన రాసుకోకండి. నాకు బాగా చిరాకు తెప్పించే పొరపాటు ఇదే. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే, ఒక్కోసారి 355. మన పంచాంగంలో అధికమాసం వచ్చి సర్దుతుంది. హిజ్రీలో ఆ సర్దుబాటు లేదు, కాబట్టి నెలలన్నీ ఏటా దాదాపు పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ ఉంటాయి. అదే ఆవరణలో అబ్దుల్లా కుతుబ్‌షాది చూడండి, హిజ్రీ 1083. ఆ ఏడు మొహర్రం వచ్చింది 1672 ఏప్రిల్ చివర్లో. ఆయన పోయింది ఆ మొహర్రంలోనే కాబట్టి 1672 సరిపోతుంది. అదే 1083లో పదో నెలలోనో పదకొండో నెలలోనో పోయినవాళ్లకు 1673 రాయాలి. రంజాన్ ఒకప్పుడు ఎండాకాలంలో, ఇంకొకప్పుడు చలికాలంలో రావడం మీరందరూ చూసిందే. సమాధి రాయి మీద కూడా జరిగేది అదే.

ఇంకో చిక్కు. పుస్తకాల్లో మహమ్మద్ కులీ మరణం 1612 జనవరి 11 అని ఉంటుంది. అది పాత జూలియన్ లెక్క. ఇప్పుడు మన గోడ మీదున్న క్యాలెండర్ ప్రకారం జనవరి 21. రెండూ ఒకే రోజు. మచిలీపట్నంలో ఈ తేడా మరీ అవసరం. ఇంగ్లీషువాళ్లు 1752 దాకా పాత లెక్కే వాడారు, పైగా వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. హాలండ్‌లో 1583 నాటికే కొత్త క్యాలెండర్ వచ్చేసింది. 1600ల్లో ఆ ఊళ్లో ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ పక్కపక్కనే వ్యాపారం చేశారు, తేదీలు మాత్రం వేరువేరు. ఆ కాలపు ఇంగ్లీషు రాయి మీద ఫిబ్రవరి 1680 అని కనిపిస్తే మన లెక్కకు అది 1681 కావచ్చు.

కాబట్టి నా పద్ధతి ఒక్కటే. రాయి మీద ఏముందో అది ముందు యథాతథంగా దించుకోండి. దాని కింద గీత గీసి, గీత కింద మీ లెక్క వేయండి. గీత కింద తప్పు పోతే ఇంట్లో కూర్చుని దిద్దుకోవచ్చు. గీత పైన తప్పు పోతే మళ్లీ గోల్కొండ వెళ్లాల్సిందే. అక్షరాలు మసకగా ఉంటే కొందరు సుద్ద, పిండి రుద్దుతున్నారట. దయచేసి ఆ పని చేయకండి, రాయి పాడవుతుంది. పొద్దున్నే ఏటవాలు ఎండలో వెళ్లండి. నేను చిన్న అద్దం తీసుకెళ్లి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకుంటాను. ఫోటో కంటే అదే నాకు నమ్మకం.

ఇక టీవీ వాళ్లు. వెళ్లి పలకరించడం, ఫోటో అడగడం మీకు నేర్పక్కర్లేదు. కానీ మీరు పంపిన పేజీల్లో సగం పైగా సీరియల్లోని పాత్ర పేర్లే ఉన్నాయి. ఈ పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ల కింద ఓ చారిత్రక కట్టడం దగ్గర షూటింగ్ జరుగుతుంటే, విరామంలో ఒక నటుణ్ణి కలిశాను. టీ తాగుతూ పదినిమిషాలు ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. ఇంటికొచ్చి పాత్ర పేరు, తేదీ రాసుకున్నాను. తర్వాత ఆ పాత్రకు మనిషి మారారు. ‘ఇకనుంచి ఈ పాత్రలో వీరు’ అని తెర మీద వేస్తారే, అలా. ఇప్పుడు ఆ పేజీ తీస్తే నేను కలిసింది మొదటాయనో రెండో ఆయనో తేల్చుకోలేకపోతున్నాను. అంత మంచిగా మాట్లాడిన మనిషి పేరు నా దగ్గర లేకపోవడం ఇప్పటికీ బాధే. వాళ్ల సొంత పేరు అడగండి. అడిగితే సంతోషిస్తారు కూడా. పేరు, చోటు, తేదీ, వాళ్లన్న ఒక మాట వాళ్లన్నట్టే గీత పైన రాయండి. మీకేమనిపించిందో కింద రాయండి.

అభ్యాసం: మీ ఊళ్లో వందేళ్లు దాటిన సమాధి ఒకటి ఎంచుకోండి. తెలిసినవాళ్లది వద్దు. పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, మూడు వేర్వేరు రోజుల్లో వెళ్లి, మూడుసార్లూ కొత్త పేజీలో మొదటినుంచి దించుకోండి. పాత పేజీ తిప్పి చూడకూడదు. తర్వాత మూడూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి అక్షరం చుట్టూ సున్నా చుట్టండి. నాకు పంపాల్సింది ఆ సున్నాలున్న పేజీలే.