సివిలైజేషన్ 6 మోడ్‌లో మత యూనిట్లను బ్యాలెన్స్ చేయడం ఎలా?

సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ ఆటకి ఎవరైనా మతం మోడ్ (ఆటగాళ్లు సొంతంగా చేసుకునే మార్పుల ఫైళ్లు) పంపి చూడమంటే నేను ముందు తెరిచేది యూనిట్ల (మ్యాప్ మీద కదిలే పాత్రల) ఫైలే. చాలాసార్లు అందులో ఒకే తప్పు కనిపిస్తుంది. మిషనరీ (నగరాల్లో మతాన్ని ప్రచారం చేసే యూనిట్) మరీ నీరసంగా ఉందని ఎవరికో అనిపిస్తుంది. దాని రిలీజియస్ స్ట్రెంగ్త్ (మత బలం) 100 ఉన్నదాన్ని 120 చేసేస్తారు. 20 శాతమే కదా పెంచాం అనుకుంటారు. ఆ 20 ఏం చేస్తుందో తర్వాత చెప్తాను. ముందు సామాను సంగతి చూద్దాం.

కావాల్సినవి

ఆట, దాని డెవలప్‌మెంట్ టూల్స్ (మోడ్ తయారుచేసే మాడ్‌బడ్డీ, నడుస్తున్న ఆటని పరీక్షించే ఫైర్‌ట్యూనర్ రెండూ అందులోనే వస్తాయి), ఒక టెక్స్ట్ ఎడిటర్, ఒక కాగితం. అవును, కాగితమే. మార్చిన ప్రతి అంకెకీ పాతది, కొత్తది పక్కపక్కన రాసుకోవాలి. స్ప్రెడ్‌షీట్ వాడేవాళ్లు వాడుకోండి, నాకు నచ్చదు.

మొదటి దశ: ఫైలు పెట్టడం

ఆట అసలు ఫైళ్లను ముట్టుకోవద్దు. ఒక చిన్న ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కి ఆదేశాలు రాసే భాష) ఫైలు రాసి, యూనిట్స్ టేబుల్‌లో మీకు కావాల్సిన గడిని మాత్రమే అప్‌డేట్ చేయండి. ఎక్స్‌ఎంఎల్‌తోనూ ఇదే పని అవుతుంది. కానీ "ఉన్న విలువకి 5 కలుపు" అని ఒక్క లైనులో చెప్పాలంటే ఎస్‌క్యూఎల్ సుఖం. ఫైలును మాడ్‌బడ్డీలో ఇన్‌గేమ్ యాక్షన్స్ కింద అప్‌డేట్ డేటాబేస్‌గా జోడించాలి. ఫ్రంట్ ఎండ్‌లో పెడితే అది మెనూ వరకే పనిచేస్తుంది, ఆటలో ఏమీ మారదు. మారలేదని ఓ రాత్రంతా బుర్ర గోక్కున్నవాళ్లు నాకు తెలుసు. లాగ్స్ ఫోల్డర్‌లో డేటాబేస్ లాగ్ తెరిచి మీ ఫైలు మీద ఎర్రర్ ఏమీ లేదని చూసుకుంటే ఈ దశ అయిపోయినట్టే.

రెండో దశ: ఏ అంకె ఏం చేస్తుందో తెలుసుకోవడం

మత యూనిట్‌కి ముఖ్యమైన అంకెలు మూడు. ఎన్నిసార్లు ప్రచారం చేయగలదో చెప్పేది స్ప్రెడ్ ఛార్జెస్. ఒక్కో ప్రచారంలో ఆ నగరంలోని ఇతర మతాల ఒత్తిడిని (నగరం మీద ఒక మతానికున్న పట్టుని) ఎంత చెరిపేస్తుందో చెప్పేది ఎవిక్ట్ పర్సెంట్. ఇది మిషనరీకి 10, అపోస్టల్‌కి (ప్రచారంతో పాటు దాడి కూడా చేయగల మత యూనిట్‌కి) 25. మూడోది రిలీజియస్ స్ట్రెంగ్త్. మిషనరీకి 100, అపోస్టల్‌కి 110. ధరను నేను ఈ లెక్కలోకి తీసుకోను. కారణం చివర్లో చెప్తాను.

మూడో దశ: అంకె మార్చడం (ఇక్కడే అందరూ పడిపోతారు)

ఇక్కడ తొందరపడకండి. ఈ భాగం రెండుసార్లు చదవండి.

స్ట్రెంగ్త్ అనే ఒక్క అంకె రెండు పనులు చేస్తుంది. ప్రచారంలో ఎంత ఒత్తిడి పడాలో అదే తేలుస్తుంది. పూర్తి ఆరోగ్యంతో ఉన్న మిషనరీ ఒక ఛార్జ్‌కి 200 వేస్తుంది, అపోస్టల్ 220. అంటే స్ట్రెంగ్త్‌కి రెట్టింపు. మతవాద యుద్ధంలో (వేర్వేరు మతాల యూనిట్లు కొట్టుకునేటప్పుడు) దెబ్బ ఎంత తగలాలో తేల్చేదీ అదే అంకె. ప్రచారంలో అది నిదానంగా, తిన్నగా పెరుగుతుంది. 20 కలిపితే 200 కాస్తా 240 అవుతుంది, అంతే. యుద్ధంలో అలా కాదు. అక్కడ లెక్క రెండు యూనిట్ల మధ్య తేడా మీద నడుస్తుంది. యూనిట్ పూర్తి ప్రాణం 100. తేడా సున్నా అయితే ఇద్దరికీ సగటున 30 చొప్పున తగులుతుంది. తేడా 17 దాటేసరికి బలమైనవాడి దెబ్బ దాదాపు రెట్టింపు, బలహీనుడి దెబ్బ దాదాపు సగం.

ఇప్పుడు ఆ 120 మిషనరీ దగ్గరికి వద్దాం. అసలు ఆటలో అపోస్టల్ వెళ్లి మిషనరీని కొడితే మిషనరీకి సుమారు 45 తగులుతుంది, అపోస్టల్‌కి 20. మిషనరీని 120 చేశాక అదే అపోస్టల్ కొడితే మిషనరీకి 20, అపోస్టల్‌కి 45. సరిగ్గా తిరగబడింది! మిషనరీకి తనంతట తాను దాడి చేయడం కుదరదు, నిజమే. కానీ ఇప్పుడు దాన్ని ఆపగలిగేవాడూ లేడు. అపోస్టల్ అనే యూనిట్‌ని మీరు ఆటలోంచి తీసేసినట్టే. ప్రచారం కొంచెం పెరగాలని అడిగినవాళ్లకి మీరు ఇచ్చింది ఇదీ. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

రెండో ప్రమాదం ఇంకా పెద్దది. మతవాద యుద్ధంలో ఒక యూనిట్ చచ్చిపోతే, 10 టైల్స్ (మ్యాప్ గడులు) లోపల ఉన్న నగరాలన్నిటిలో గెలిచిన మతానికి 250 ఒత్తిడి చేరుతుంది, ఓడిన మతానికి అంత పోతుంది. ఒక మిషనరీ ఛార్జ్ ఒక్క నగరంలో 200 వేస్తుంది, ఒక చావు చుట్టుపక్కల అన్ని నగరాల్లో 250 వేస్తుంది. కాబట్టి యుద్ధంలో చిన్న ఆధిక్యం ఇచ్చినా అది ప్రచారాన్ని మింగేస్తుంది. ప్లేయర్లు తెలివైనవాళ్లు. రెండు ఆటల్లో ఈ కిటుకు పట్టేస్తారు, ఇక ఎవరూ నగరాల దగ్గరికి వెళ్లరు, సరిహద్దులో నిలబడి చంపుకుంటూ కూర్చుంటారు.

బోనస్‌లు ఒకదాని మీద ఒకటి పడతాయని కూడా మర్చిపోవద్దు. డిబేటర్ అనే ప్రమోషన్ (యూనిట్‌కి దక్కే ప్రత్యేక సామర్థ్యం) ఉన్న అపోస్టల్‌కి యుద్ధంలో స్ట్రెంగ్త్ 20 అదనం. రిలీజియస్ ఆర్డర్స్ పాలసీ పెట్టుకుంటే ఇంకో 5. అంటే 135. ఎదుట మామూలు 110 అపోస్టల్ ఉంటే ఒక్క దెబ్బకి 80 చిల్లర తగిలి, బొటాబొటిగా బతుకుతాడు. ఆ మిగిలిన ప్రాణంతో వెనక్కి వెళ్లి గురువు (గాయాలు మాన్పే మత యూనిట్) దగ్గర కోలుకోవచ్చు. ఆటలో మజా అంతా ఆ మిగిలిన 20 ప్రాణం దగ్గరే ఉంది. మీ మోడ్ ఇంకో 10 కలిపిందంటే సగటు దెబ్బ 120 దాటుతుంది. వెనక్కి తగ్గడమనేదే ఉండదు. నేను మొదట్లో చేసిన మోడ్‌లో ఒక కొత్త సన్యాసి యూనిట్‌కి ఇలాగే 130 పెట్టాను. పక్క ఖండమంతా పట్టుమని పది టర్న్‌లు కాకుండానే మతం మార్చుకుంది. నేనేదో గొప్ప డిజైన్ చేశానని అప్పుడు మురిసిపోయాను కూడా.

అందుకే నా నియమం ఒకటే: స్ట్రెంగ్త్ జోలికి వెళ్లొద్దు. వెళ్లక తప్పకపోతే 5కి మించొద్దు. మిషనరీ నీరసంగా ఉందనిపిస్తే ఎవిక్ట్ పర్సెంట్ మార్చండి. అది యుద్ధాన్ని తాకదు.

దాన్ని కాగితం మీద ఇలా లెక్కేయాలి. ఒక నగరంలో పరాయి మతం ఒత్తిడి 600 ఉంది, మనది సున్నా అనుకుందాం. మిషనరీ మొదటి ఛార్జ్‌కి వాళ్లది 540, మనది 200. రెండోదానికి 486, 400. మూడోదానికి 437, 600. మూడు ఛార్జులూ ఖర్చయితే నగరం మనదైంది, మిషనరీ మాయమైంది. అదే అపోస్టల్ అయితే రెండో ఛార్జ్‌కే 337, 440తో పని పూర్తి, ఇంకో ఛార్జ్ మిగిలింది. ఇప్పుడు మిషనరీ ఎవిక్ట్‌ని 20 చేసి చూడండి. రెండో ఛార్జ్‌కి 384, 400. అంటే అపోస్టల్‌తో సమానమైపోయింది! 15 పెడితే రెండో ఛార్జ్‌కి 433, 400. కొంచెంలో తప్పింది, మూడో ఛార్జ్ కావాల్సిందే. కానీ నగరంలో ఒత్తిడి 550కి తగ్గితే రెండే చాలు. నాకు కావాల్సింది అలాంటి అంచే, అందుకే నేను 15 దగ్గర ఆగుతాను.

ఇన్‌క్విజిటర్‌కి (సొంత నగరాల్లోంచి పరాయి మతాన్ని తుడిచే యూనిట్‌కి) మాత్రం ఈ సూత్రం పనికిరాదు. సొంత నేల మీద అది 75 శాతం చెరిపేస్తుంది. ఆ అంకెని 90 చేస్తే ఎదుటివాడు రోజంతా చేసిన ప్రచారం ఒక్క ఛార్జ్‌తో గంగపాలే. ఇన్‌క్విజిటర్ స్ట్రెంగ్త్ 75, సొంత నేల మీద 35 కలిసి 110 అవుతుంది, అంటే అపోస్టల్‌తో సరిసమానం. అసలు ఆట చేసినవాళ్లు అన్నీ సరిగ్గా చేశారని నేననను గానీ, ఈ ఒక్క లెక్క మాత్రం బంగారం. వదిలేయండి.

నాలుగో దశ: ఆడి చూడటం

ఒకసారి ఒక్క అంకె. రెండు అంకెలు కలిపి మార్చి, ఏది చెడగొట్టిందో తెలియక ఏడవకండి. చిన్న మ్యాప్, స్టాండర్డ్ స్పీడ్. ఆన్‌లైన్ స్పీడ్‌లో టెస్ట్ చేస్తే తొందరగా అవుతుందంటారు. అక్కడ ధరలు సగమైపోతాయి, యూనిట్ నడక మాత్రం అంతే ఉంటుంది. ఆ ఫలితం దేనికీ పనికిరాదు. ఫైర్‌ట్యూనర్‌లో ఆటోప్లే పెట్టి ఏఐలను వాటి మానాన వాటిని ఆడనివ్వండి, మధ్యమధ్యలో ఆపి ఒక్కో నగరానికి ఎన్ని ఛార్జులు పడుతున్నాయో రాసుకోండి. ఎవరు గెలిచారన్నది నాకు అనవసరం, ఛార్జుల లెక్కే చూస్తాను.

ఇక ధర సంగతి. యూనిట్ బలంగా ఉందనగానే ధర పెంచేయడం చాలామందికి అలవాటు. మత యూనిట్ల ధర కొన్నకొద్దీ ఎలాగూ పెరుగుతుంది. మీరు ఇంకొంత పెంచితే నలిగేది ఆట మొదట్లో ఫెయిత్ (మత యూనిట్లను కొనే సొమ్ము) చాలక కిందామీదా పడుతున్నవాడే. చివర్లో గుట్టలుగా ఫెయిత్ పోగేసిన ఏఐకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, మ్యాప్ నిండా మిషనరీలను పరిచేస్తూనే ఉంటుంది. ఆ జాతర తగ్గాలంటే ఛార్జులు తగ్గించాలి.

అన్నట్టు, అంకె మార్చిన ప్రతిసారీ కొత్త గేమ్ మొదలుపెట్టి చూడండి. పాత సేవ్ తెరిచి "ఏమీ మారలేదు" అని నాకు మెసేజ్ పెట్టకండి.